శాంతి గల గృహము
(చోడవరమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



క్రైస్తవ విశ్వాసమువలనను వివాహమువలనను మనుష్యునకు కలుగు శాంతి సంతుష్టులనుగూర్చి కొన్ని మాటలు చెప్పవలసినదని ఆహ్వాన సంఘమువారు మమ్ము కోరిరి. కులసభలో మతవిషయ మేల యని కొందరికి తోచవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. మనలో చోడవరపు స్వయంభూ విఘ్నేశ్వరుని కోవెలకు పోవువారును ఉన్నారు, ఆదివారము ప్రొద్దుట బైబిలు చేతబట్టుకొని చర్చికి పోవువారును ఉన్నారు. ఒకే యింటిపేరు, ఒకే తాతకు మనుమలు, ఒకే కళ్లమున ధాన్యము నూర్చుకొనువారు. ఈ సభ మతప్రచారమునకు ఏర్పడినది కాదు. మేమును అందులకై రాలేదు. మేము క్రైస్తవ కుటుంబమునకు చెందినవారము గనుక మాకు తెలిసిన గృహమునుగూర్చి మాటలాడుటకు మాత్రమే నిలుచుంటిమి.

విషయము చిన్నది కాదు. మన కుటుంబములలో తక్కిన దినములన్నియు మతభేదము కనబడదు. పొలమున నీరు పెట్టునపుడు లేదు, చెరకు నరుకునపుడు లేదు, రోగి మంచమువద్ద కూర్చుండునపుడు లేదు. పెండ్లిమాట వచ్చినపుడు మాత్రము అది తలుపు తట్టుచున్నది. పిల్లను చేసికొనుటకు ముందు ఆమెకు బాప్తిస్మ మిప్పింపవలెనని ఒక పక్షము పట్టుపట్టును. క్రీస్తును నమ్మినవాడు మా గడప త్రొక్కరాదని మరియొక పక్షము శపథము చేయును. ఈ రెండు పట్టుదలల నడుమ నలిగిపోవునది ఎవరు? పెండ్లికూతురు, పెండ్లికుమారుడు. ఎవ్వరును వారిని అడుగరు. తరువాత ఆ కాపురమున శాంతి లేదని ఆశ్చర్యపడుదురు.

మేము ఈనాడు చెప్పదలచినది ఒక్కటే. బలవంతముచేత విశ్వాసము పుట్టదు. సమ్మతి లేక వివాహము నిలువదు. ఈ రెండును స్వేచ్ఛగా చేరినచోటనే క్రైస్తవ గృహమునకు శాంతి కలుగును. ఆ శాంతి పెండ్లినాడు పందిటిలో దొరకునది కాదు, దినదినము నేర్చుకొనవలసిన విద్య.

విద్య యని ఊరక చెప్పలేదు. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలోని నాలుగవ అధ్యాయమున, తాను ఏ స్థితియందున్నను సంతుష్టి కలిగియుండుట నేర్చుకొంటినని భావమిచ్చు మాటలు పలికెను. ఆ పత్రిక వ్రాయునాటికి ఆయన బంధకములలో నున్నవాడు. కలిమిని లేమిని రెంటిని ఎరిగి పలికిన మాట యది. సంతుష్టి ఆకాశమునుండి తనపై ఊడిపడెనని ఆయన అనలేదు, నేర్చుకొంటిననెను. నేర్చుకొనుట యన్నచో తప్పులుండును, దిద్దుకొనుట యుండును, కాలము పట్టును. వివాహమును ఈ దృష్టితో చూచువారికి మొదటి యేటనే కాపురము చెడిపోయినదను నిరాశ కలుగదు.

ఇక ఒక గృహస్థుని చరిత్రమును మీకు జ్ఞాపకము చేయుదుము. ఆయన పరాయి దేశపువాడు కాడు, మన ఉత్తరాంధ్రపు దిక్కువాడు. 1803 లో పర్లాకిమిడి ప్రాంతమున జన్మించిన పురుషోత్తమ చౌదరిగారు బ్రాహ్మణ కుటుంబమునకు చెందినవారు, శాస్త్రపురాణములు చదివినవారు, గృహస్థులు. వారు 1833 లో కటకమునందు బాప్తిస్మము పొందిరి. 1890 లో పరమపదించువరకు క్రీస్తును కీర్తించుచు, బోధించుచు జీవించిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో వారి పాటలు అనేకము లున్నవి. మన చర్చిలలో కర్త పేరు తెలియకయే వాటిని పాడుకొనువా రెందరో. కులవిషయమున వారు వ్రాసిన గ్రంథమునకు ‘కులాచార పరీక్ష’ యని పేరు.

పాటల మాట యటుండనిండు. వారి గృహమున జరిగినదానిని గమనింపుడు. ఆ దినములలో బ్రాహ్మణుడు బాప్తిస్మము పొందుట యన్నచో కులమునుండియు బంధువులనుండియు వేరగుటయే. వారి భార్య రాధామణిగారు మొదట ఆ మార్గమున భర్త వెంట నడువలేదు, పుట్టినింటివారివద్ద నుండిరి. భర్త యొక గడప, భార్య యొక గడప అయ్యెను. కొంతకాలమునకు ఆమె భర్తవద్దకు వచ్చి చేరిరి, ఆమెయు క్రైస్తవురాలయ్యెను. తరువాతి దీర్ఘకాలము వారి గృహము సేవాగృహమయ్యెను.

ఈ వృత్తాంతమున మనకు పనికివచ్చునది ఏది? భార్య తుదకు భర్త మతమున కలిసెనని సంతోషించుటయే కాదు. అట్లు మాత్రమే చెప్పుకొన్నచో ఇతర మతస్థులైన మన సోదరులకు ఇందు పాఠమేమియు ఉండదు. నడుమ గడచిన కాలమును చూడవలెను. ఆ కాలమున ఒక పురుషుడు తన విశ్వాసమును విడువలేదు. ఒక స్త్రీ తన మనస్సు ఒప్పకమునుపే తలవంచలేదు. ఆమె వచ్చినపుడు తన కాళ్లతో తాను నడచివచ్చెను. అట్లు వచ్చిన భార్యతో చేయు కాపురమును, జుట్టుపట్టి ఈడ్చుకొనివచ్చిన భార్యతో చేయు కాపురమును ఒకటి కావు. ఒకదానియందు శాంతికి చోటున్నది. రెండవదానియందు భయమునకే చోటు.

‘ఓర్చినమ్మకు తేటనీరు’ అని మన పెద్దలు చెప్పుదురు. బావివద్ద తొందరపడి చేద దింపినవారికి బురదనీరు, నిలిచినవారికి తేటనీరు. సామెత మంచిదే. అయితే మన యిండ్లలో ఈ సామెత కోడలికి మాత్రమే చదివి వినిపింతురు. ఓర్చినయ్యకు తేటనీరు రాదా? చౌదరిగారి గృహచరిత్ర చూడగా వచ్చునని మాకు తోచుచున్నది. ఓర్పు దంపతు లిద్దరిది కావలెను. ఒకరే ఓర్చునపుడు దానిని ఓర్పనరు, లొంగుబాటందురు.

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయమున పౌలు ఇట్టి గృహములనుగూర్చియే ఆలోచించెను. ఆనాటి కొరింథులో భర్త నమ్మి భార్య నమ్మని యిండ్లును, భార్య నమ్మి భర్త నమ్మని యిండ్లును ఉండెను. అట్టివారు ఏమి చేయవలెను? నమ్మని భార్య కాపురము చేయుట కిష్టపడినచో ఆమెను విడువరాదనియు, నమ్మని భర్తవిషయమునను అంతియేయనియు ఆయన తీర్పు. దేవుడు మనుష్యులను పిలిచినది సమాధానముగా నుండుటకేయని అందలి సారము. శాంతియను మాట ఆ చర్చలో వివాహముతో ముడిపడియే వచ్చినది. నీ భార్య నీతోపాటు చర్చికి రాలేదు గనుక ఆమెను పుట్టినింటికి పంపివేయుమని చెప్పు గురువు ఎవరైనను ఉన్నచో, ఆయన ఆ అధ్యాయమును మరల చదువుకొనవలెను.

ఈ చిక్కు ఈ దేశమున న్యాయస్థానములవరకును పోయినది. మతము మార్చుకొన్నవారిని భార్యగాని భర్తగాని విడిచిపోయినచో ఏమి చేయవలెనని 1866 లో ప్రభుత్వమువారు ఒక చట్టము చేసిరి. మతము మార్చుకొనిన కారణముచేత ఆరు నెలలు ఎడతెగక కాపురమునకు రాకున్నచో వ్యాజ్యము వేయవచ్చునని అందుండెను. అయితే న్యాయాధిపతి వెంటనే వివాహమును రద్దు చేయుట కాదు. రానివారిని పిలిచి, కారణము మతమేనాయని విచారించి, అది నిజమైనచో వ్యవహారమును ఒక సంవత్సరము వాయిదా వేయవలసియుండెను. ఏడాది గడచినపిదప మరల విచారించి, అప్పటికిని మనస్సు మారనిచో అప్పుడు తీర్పు చెప్పవలసియుండెను. ఆ చట్టమున లోపములు లేవని మేము చెప్పము. కాని కోపము చల్లారుటకు ఒక ఏడాది కావలెనని ఆ శాసనకర్తలు గ్రహించిరి. మన కులపెద్దలు ఒక రాత్రిలో తేల్చివేయు విషయమునకు న్యాయస్థానము నాలుగు ఋతువుల గడువిచ్చెను. ఇది ఆలోచింపదగిన సంగతి.

పెండ్లికి ముందు బాప్తిస్మము తప్పదను వాదమును కూడ పరీక్షింతము. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము వధూవరు లిద్దరును క్రైస్తవులైనను, ఇద్దరిలో ఒకరు మాత్రమే క్రైస్తవులైనను వర్తించును. ఇవి గాక ఏ మతమువారైనను రిజిస్ట్రారు ఎదుట వివాహమాడుటకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమున్నది. దానికి 30 దినముల ముందుగా ప్రకటన కావలెను. కాబట్టి చట్టము ఎవరి మెడపైనను బాప్తిస్మపు కత్తి పెట్టుటలేదు. ఆయా సంఘములకు తమ తమ క్రమము లుండవచ్చును, వాటిని గౌరవింపవలసినదే. కాని పెండ్లిబట్టలతోపాటు కొనితెచ్చినట్లు విశ్వాసమును తెచ్చి పెండ్లికూతునకు తొడుగుట క్రైస్తవమునకే అవమానము. నమ్మినవారికి బాప్తిస్మము గాని, నమ్మించుటకు బాప్తిస్మము కాదు.

క్రైస్తవ వివాహక్రమమునే చూడుడు. పెండ్లికి ముందు ఆదివారపు ఆరాధనలలో ప్రకటన చదువుదురు. అభ్యంతరమున్నవారు చెప్పవచ్చునని సభనంతటిని అడుగుదురు. పెండ్లినాడు ఇద్దరు నమ్మదగిన సాక్షులు కావలెను. సాధారణముగా ప్రొద్దుట ఆరు గంటలు మొదలు సాయంకాలము ఏడు గంటలలోపల జరుపవలెనని చట్టము. ఏలయన వివాహము చీకటిమాటున జరుగవలసిన పని కాదు. మన తెలుగు చర్చిలలో ఉంగరముతోపాటు తాళిని కూడ కట్టుదురు; బంధువులు అక్షతలకు బదులు పువ్వులు చల్లుదురు. ఇవన్నియు పైపై అలంకారములు. దాని ప్రాణమంతయు ఒక ప్రశ్నలో నున్నది. గురువుగారు మొదట వరుని, తరువాత వధువును, సభ వినునట్లు సమ్మతి యడుగుదురు. ఆ ప్రశ్నకు జవాబు ఆమెయే చెప్పవలెను. తండ్రి చెప్పరాదు, మేనమామ చెప్పరాదు. కలిమిలోను లేమిలోను, ఆరోగ్యమునందును వ్యాధియందును విడువక యుందుమని ఇద్దరును ఒకే ప్రమాణమును చేయుదురు. భర్త ప్రమాణము చిన్నది, భార్య ప్రమాణము పెద్దది కాదు.

కాని మనము నిజము చెప్పుకొందము. ఆ ప్రశ్న అడుగునాటికే శుభలేఖలు పంచబడినవి, పందిరి వేయబడినది, వంటవారు పొయ్యి రాజేసిరి, కట్నము చేతులు మారినది. అప్పుడు ఏ పిల్ల ‘సమ్మతి లేదు’ అనగలదు? ప్రశ్న సభలో అడుగుటకు మూడు నెలల ముందే ఇంటిలో అడుగవలెను. తల్లి యొంటరిగా కూర్చుండబెట్టి అడుగవలెను. జవాబు వినుటకు సిద్ధపడి అడుగవలెను.

కట్నము మాట వచ్చినది గనుక దానిని విడిచిపెట్టరాదు. అశాంతికి మతభేదము ఒక ద్వారమైనచో అప్పు పెద్ద సింహద్వారము. ‘ఇల్లు కట్టిచూడు, పెండ్లి చేసిచూడు’ అను సామెత మనకు క్రొత్తది కాదు. గోవాడ పంచదార మిల్లుకు తోలిన చెరకు సొమ్మును, అనకాపల్లి బెల్లపు మార్కెట్టులో దిమ్మలు తూచిన సొమ్మును ఒక్కదినమున విందులకును దీపములకును కరిగించి, ఆపై వడ్డీకి తెచ్చి, అల్లునికి అంపకములు పెట్టుచున్నాము. 1961 లోనే వరకట్న నిషేధ చట్టము వచ్చినది. దానిని క్రైస్తవులమైన మేము ఇతరులకంటె ఎక్కువగా పాటించితిమని చెప్పుకొనుటకు వీలులేదు. చర్చిలో ప్రమాణము, పెరటిలో బేరము జరుగుచునేయున్నవి.

క్రీస్తు చేసిన మొదటి సూచకక్రియ ఒక పెండ్లియింట జరిగెనని యోహాను సువార్త చెప్పుచున్నది. గలిలయలోని కానా యను ఊరిలో పెండ్లి జరుగుచుండగా ద్రాక్షారసము అయిపోయెను. ఆ యింటివారికి బంధువుల యెదుట తలవంపు రాకుండ ఆయన కాపాడెను. మన ప్రసంగీకులు నీరు ద్రాక్షారసమగుటనే వర్ణింతురు. మేము ఒక చిన్న సంగతిని చూపుదుము. ఆ పెండ్లిలో వడ్డన చాలలేదు. అయినను క్రీస్తు ఆ పెండ్లిని చిన్నచూపు చూడలేదు. లేమిగల పందిటికి రాను అనలేదు. మనము మాత్రము మూడు కూరలు తక్కువైన విందును ఆరు నెలలు చెప్పుకొందుము.

ఈ విషయమున అనుసరింపదగిన దంపతులు తెలుగువారి సేవలోనే ఉండిరి. తిరునల్వేలి జిల్లాలో 1874 లో జన్మించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు తెలుగుదేశమునకు వచ్చి, 1912 లో దోర్నకలునకు బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సభయందు ఆ పదవి పొందిన భారతీయులలో వారే ప్రథములు. 1945 లో మరణించువరకు తెలుగు గ్రామములలోని బీదసాదలనడుమనే పనిచేసిరి. వారు 1898 లో అన్బు మరియమ్మాళ్ అను విద్యావతిని వివాహమాడినపుడు కట్నము పుచ్చుకొనలేదు. ఆ దేశాచారమునకు భిన్నముగా పెండ్లి వ్యయమును మిక్కిలి తగ్గించిరి. తరువాత దోర్నకలులో ఆమె స్త్రీలనడుమ చేసిన సేవ భర్త సేవకు తోడైనది. పెండ్లినాడు అప్పు లేనివారికి మరునాడు సేవచేయుటకు చేతులు ఖాళీగా నుండును. సంతుష్టికి ఇది మొదటి మెట్టు.

ఇచట ఒక అపార్థమును తొలగింపవలసియున్నది. శాంతి యన్నచో మౌనము కాదు. సంతుష్టి యన్నచో దెబ్బలు తిని ఊరకుండుట కాదు. భర్త త్రాగి కొట్టుచుండగా, ‘నీ శిలువను నీవు మోయుము’ అని భార్యకు చెప్పు పెద్దలు కొంద రున్నారు. శిలువ క్రీస్తు తాను కోరి మోసినది. ఇంకొకరి వీపున కట్టినది కాదు. 1869 నాటి విడాకుల చట్టము ప్రకారము క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారమును చూపినచో చాలియుండెను. భార్యకో, దానితో క్రూరత్వమునో పరిత్యాగమునో మరియొకదానినో కూడ ఋజువు చేయవలసియుండెను. 2001 సవరణము ఈ అసమానతను తీసివేసి, ఇద్దరికిని సమాన కారణములను, పరస్పర సమ్మతిచే విడిపోవు మార్గమును కల్పించెను. గృహహింసనుండి స్త్రీలను కాపాడుటకు 2005 నాటి చట్టము అన్ని మతములవారికిని ఉన్నది. వీనిని చెప్పుట కాపురములు కూల్చుటకు కాదు. తలుపు గడియ వేసియున్న గదిలో నున్నవారి నెమ్మదిని ఎవ్వరును శాంతి యనరు. తలుపు తెరచియుండియు ఇద్దరును లోపల నిలిచినచో, అదియే శాంతి.

ఆడపిల్లకు ఆస్తిలో భాగమును ఈ శాంతికి పునాదియే. క్రైస్తవులకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేక గృహస్థుడు మరణించి భార్యయు సంతానమును మిగిలినచో, భార్యకు మూడవ వంతు. మిగిలిన రెండు వంతులు కొడుకులకును కూతుండ్రకును సమానము. హిందూ కుటుంబములలోను 2005 సవరణము కూతునకు పిత్రార్జితమున కొడుకుతో సమాన హక్కు నిచ్చెను. ఇట్లు న్యాయముగా రావలసిన భాగమును పెండ్లినాడు కట్నమనుపేర అల్లునిచేత పోయుట ఏల? ఆమె భాగము ఆమె పేర నుండిన, అత్తవారింట ఆమె మాటకు విలువ యుండును. భయము లేనిచోట ప్రేమకు తావు హెచ్చును.

ఇంతకును క్రైస్తవ విశ్వాసము దంపతుల కిచ్చు విశేషమేమియని మీ రడుగవచ్చును. మంచి కాపురములు అన్ని మతములందును ఉన్నవి, మేము కాదనము. మాకు తెలిసినది ఇంత. మా యిండ్లలో రాత్రి భోజనము ముగిసినపిదప ఇంటిల్లపాది చాపపై కూర్చుండి ఒక అధ్యాయము చదివి ప్రార్థింతురు. ఆ ప్రార్థనలో మా ఋణములను క్షమింపుమని అడుగుటకు ముందు, మాకు ఋణపడినవారిని మేము క్షమించితిమని చెప్పుకొనవలెను. పగలు మాటామాటా పెరిగిన భార్యాభర్తలు రాత్రి ఆ మాటను ఒకరి యెదుట ఒకరు పలుకవలసివచ్చును. నోట పలికి మనస్సున పగ దాచుట కష్టము. కొన్ని రాత్రులు ఆ మాట గొంతులో చిక్కుకొనును, మరునాటికి జారును. గొప్ప అద్భుతమేమియు కాదు. అయినను నలువది సంవత్సరములు రాత్రి రాత్రియు జరిగినచో అది యొక గృహమును నిలుపును.

మన చోడవరపువారికి బెల్లము వండుట చెప్పవలసినది లేదు. గానుగనుండి వచ్చిన రసము పచ్చగా, మురికిగా నుండును. పెనమున పోసి మంట పెట్టుదురు. పైకి తేలు మడ్డిని తీయుచునేయుందురు. మంట హెచ్చించి తొందరపడినవానికి పాకము మాడును. మంట ఆర్పి మరచినవానికి అది గట్టిపడదు. మడ్డి తీయనివాని బెల్లము నల్లబడును. పెండ్లినాటి ప్రేమ పచ్చిరసము వంటిది. తీయగానే యుండును, కాని నిలువయుండదు. ఓర్పు యను సమపు మంటపై క్షమ యను గరిటెతో మడ్డి తీయుచు వండినపుడే అది దిమ్మకట్టును. దిమ్మకట్టిన బెల్లము ఏడాది పొడుగున ఇంటివారికిని అతిథికిని పనికివచ్చును.

సోదరులారా! ఈ చోడవరము ఇంతకాలము విశాఖపట్టణ జిల్లాలో నుండి, 2022 ఏప్రిలు 4వ తేదీనుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. గీతలు మారినవి, మన పొలములు, చుట్టరికములు మారలేదు. జిల్లా మారినంతమాత్రమున అన్నదమ్ములు పరాయివారు కానట్లే, ఒకడు క్రీస్తును నమ్మినంతమాత్రమున మన కులమునకు పరాయివాడు కాడు. నమ్మినవాడును నమ్మనివారిని తక్కువవారనుకొనరాదు. విశాఖపట్టణమునకు 1805 లో వచ్చిన లండను మిషనువారు క్రాన్, డిగ్రాంజి దొరలు గాని, వారికి సువార్తలను తెనిగించుటలో తోడ్పడిన ఆనందరాయరుగారు గాని చుట్టరికములు తెంచుటకు పుస్తకము చేయలేదు. చదివి, తలచి, తనంత తాను ఒప్పుకొనుటకు చేసిరి. పుస్తకము చేతి కిచ్చుటయే మన పని, పేజీ త్రిప్పుట చదువరి పని.

కావున మన సంఘమువారికి మూడు విన్నపములు చేసి ముగింతుము.

మొదటిది: మన కుటుంబములలో ఏ సంబంధము కుదుర్చునపుడైనను మతము మార్చుకొనుటను పెండ్లికి బేరముగా పెట్టరాదు. వధూవరులను వేరువేరుగా అడిగి, వారి మాటయే తుదిమాటగా నుంచవలెను.

రెండవది: పెండ్లియైనపిదప ఒకరు విశ్వాసము మార్చుకొన్నచో, రెండవవారు ఒప్పకున్నను, కులపెద్దలు వెలివేతకు గాని విడాకులకు గాని తొందరపెట్టరాదు. కనీసమొక సంవత్సరము రాకపోకలు, పండుగపబ్బముల పిలుపులు, పిల్లల యెడ ముద్దుముచ్చటలు ఎప్పటివలెనే జరుగనీయవలెను. హింస యున్నచోట మాత్రము ఒక్కదినమును జాగుచేయక బాధితురాలి పక్షమున నిలువవలెను.

మూడవది: ఈ సభలోనున్న సంపన్నులు తమ యింటి పెండ్లిని అప్పు లేనంతలో, కట్నము లేకుండ చేసి చూపవలెను. బీదవారు చేసినచో లేమి యందురు. మీరు చేసినచో ఆచారమగును. పోషకులు సంఘమునకు ఇచ్చు విరాళములకంటె ఇది పెద్ద విరాళము.

ఈ మూడును క్రైస్తవులకు మాత్రమే చెప్పినవి కావు. విఘ్నేశ్వరునికి మ్రొక్కువారి యింటను, క్రీస్తును ప్రార్థించువారి యింటను రాత్రి దీపము పెట్టునది ఆ యిల్లాలే. ఆ చేయి వణకకుండ దీపము పెట్టినచో ఆ యింట శాంతి యున్నదని తెలిసికొనవచ్చును. అట్టి గృహములు మన కులమున నానాటికి హెచ్చుగాక!